దీర్ఘం అరిగిన రాయి

అనగనగా ఒక రాజ్యం అని మొదలుపెడదామంటే కుదరదు. ఈ కథలో రాజ్యాలు రెండు, చెరువు ఒక్కటి. గొడవంతా అక్కడే వచ్చింది.

పడమటి గట్టున మొగలిదుర్గం, తూర్పు గట్టున తంగేడుకోట, రెంటి నడుమ నడిమి సముద్రం. పేరుకు సముద్రమే గాని అది చెరువు. ఏడు గుట్టల అవతలి ఊటల నుంచి నేల అడుగున ఒక సొరంగం గుండా దానికి నీరు వచ్చేది. పడమటి తూము తెరిస్తే మొగలిదుర్గం పొలాలు తడిసేవి, తూర్పు తూము తెరిస్తే తంగేడుకోట పొలాలు తడిసేవి. చెరువు లోపలి అంచున పూర్వీకులెవరో నిలబెట్టిన శాసనం రాయి ఒకటి ఉండేది. జనం ఏటా నీటి పైకి కనిపించే దాని తలభాగానికి నూనె పోసి, ఇటుకపొడితో తోమి, బొట్లు పెట్టి మొక్కేవారు. చదివేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తర్వాత రెండు రాజ్యాలూ ఏదో పంతానికి పోయి ఇరవై ఏళ్లు కొట్టుకున్నాయి. యుద్ధం చల్లారేసరికి చెరువు సగం అయింది. నిలువెత్తు శాసనం మెడదాకా ఒండ్రులో పూడిపోయి, పై వరుస ఒక్కటే మిగిలింది. ఇద్దరు రాజుల పండితులూ వచ్చి, ఒంగి, కళ్లు చికిలించి చదివారు. అక్కడ ఇలా ఉంది: "తల ఒక చెయ్యి వేయవలెను."

చెరువు బలి అడుగుతోందని పండితులు తేల్చేశారు. ఒక తల, ఒక చెయ్యి.

ఇక చూడండి వాళ్ల తెలివి! ఆనాటి నుంచి ఏటా మృగశిర కార్తె వచ్చిన రోజు పొద్దున రెండు రాజ్యాలవాళ్లూ చెరొక మనిషిని చెరువుకు బలి ఇవ్వడం మొదలుపెట్టారు. సొంత మనిషి తల ఎవరు తీస్తారు? అందుకని పొలిమేర దాటి పక్క రాజ్యం మనిషిని ఎత్తుకొచ్చేవారు. వీళ్లు వాళ్లను, వాళ్లు వీళ్లను. అరవై ఏళ్లు ఇదే తంతు. తలలు పడేకొద్దీ నీళ్లు తగ్గుతూ వచ్చాయి. "ఇదేమి చోద్యం?" అని ఒక్కడైనా అడగాలా వద్దా? అడగలేదు. "పోయినేడు వేసిన తల బక్కది, అందుకే నీళ్లు రాలేదు" అన్నారు.

మొగలిదుర్గంలో చెంగలి అని పదిహేనేళ్ల పిల్ల ఉండేది. రాతిపని వాళ్ల ఇంటి ఆడపిల్ల. తల్లీతండ్రీ పోతే అన్న కొమరయ్యే సాకాడు, ఉలి పట్టడం నేర్పాడు, రాతి మీద అక్షరాలు చెక్కడం నేర్పాడు. చెంగలికి లోకమంటే ఆ అన్నే.

ఆ ఏడు ఎండలు దిగుతుండగా కొమరయ్య పొలిమేర గుట్టకు రాయి తీయడానికి వెళ్లాడు. పొద్దు వాలేవేళకు అతని గాడిద ఒక్కటే ఇంటికి వచ్చింది. దాని మెడకు కొమరయ్య తలపాగా చుట్టి ఉంది. 'ఈ ఏటి తల దొరికింది' అని చెప్పడానికి తంగేడుకోట సైనికులు అలా చుట్టి పంపేవారు. చెంగలి ఆ తలపాగా చూసి ఇంటి ముందే కూలబడింది. ఏడ్చింది. తర్వాత లేచి, నేరుగా కోటకు పోయి రాజు విక్రమబాహు కాళ్ల మీద పడింది.

"మా అన్నను విడిపించుర్రి దొరా! ఇంక తొమ్మిది దినాలే ఉన్నయి!"

రాజు తమలపాకు నములుతూనే, "ఏడవకు పిల్లా. మనవాళ్లు నిన్ననే వాళ్ల కుమ్మరి ముసలాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చారు. సరికి సరి అయిపోయింది" అన్నాడు.

"ఎట్లయితది దొరా? ఆ ముసలాయన సస్తే మా అన్న బతుకుతడా?"

"ఇంకొక్క మాట మాట్లాడితే ముసలాడి బదులు నిన్నే వేయిస్తాను."

బతికున్న రాజు దగ్గర న్యాయం దొరకలేదు కదా, ఇక అడగవలసింది తలలు తినేవాణ్ణే అనుకుంది చెంగలి. ఏడు గుట్టల అవతల ఊటగుహలో జలభూతం ఉంటుందని, చెరువుకు నీళ్లు వదిలేది అదేనని అందరూ చెప్పుకునేవారు. వెళ్లి చూసి వచ్చినవాడు లేడు. ఆమె నాలుగు జొన్నరొట్టెలు మూట కట్టుకుని, నడుముకు ఉలి దోపుకుని బయలుదేరింది.

మూడో రోజు పట్టపగలు ఆమె ఒక అడవిలో అడుగుపెట్టింది. అక్కడ పిట్ట కూత లేదు, ఆకు చప్పుడు లేదు. కాస్త దూరం పోయేసరికి చెట్ల వెనక నుంచి మొండేలు లేచి వచ్చాయి. అవును, తలల్లేని మొండేలే! ఒక్కొక్కదానికి ఒక్కొక్క చెయ్యి. బలి ఇచ్చాక చెరువులో వేసేది తల, చెయ్యి మాత్రమే కదా. మిగిలిన మనిషిని ఈ అడవి అంచున పారేసి పోయేవారు. మొండేలు చేతులు ముందుకు చాచి, తడుముకుంటూ, ఆమెను చుట్టుముట్టాయి. ఒకటి ఆమె గొంతు పట్టుకుంది. ఇంకొకటి ఆమె అరచేయి లాక్కుని దాని మీద వేలితో రాసింది: "ఏ ఊరు?"

ఈ గుంపులో మొగలిదుర్గం వాళ్లూ ఉన్నారు, తంగేడుకోట వాళ్లూ ఉన్నారు. ఇది మా ఊరు అంటే వాళ్లు పిసుకుతారు, అది మా ఊరు అంటే వీళ్లు పిసుకుతారు. గొంతు మీద పట్టు బిగుస్తోంది. చెవులు లేనివాళ్లకు చెప్పేదెలా? ఆమె ఆ అరచేతిని తిప్పి పట్టుకుని, దాని మీద ఒక్కొక్క అక్షరమే దిద్దింది: "నడిమి సముద్రం నీళ్లు తాగినదాన్ని."

గొంతు మీది వేళ్లు వదులయ్యాయి. ఆ మాటను ఒక మొండెం ఇంకొకదాని చేతిలో రాసింది, అది మరొకదాని చేతిలో రాసింది. అలా అందరికీ తెలిశాక గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆఖరి మొండెం మాత్రం ఆమె చేయి పట్టుకుని, "నా తల కనిపిస్తే చెప్పు" అని రాసింది. సరేనని రాసి, ఆమె వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ఆరో రోజు ఆమెకు ఒక లోయ అడ్డం వచ్చింది. రెండు వైపులా నున్నటి బండలు, నడుమ నల్లటి మడుగు. మడుగులో ఒక ముసలి మొసలి. ముసలి మొసలి అని గబగబా మూడుసార్లు అనండి చూద్దాం! నాలుక మడతపడిందా? చెంగలికి మాత్రం నవ్వు రాలేదు. ఆ మొసలి దూలమంత పొడవుంది, పక్కటెముకలు బయటపడి ఉన్నాయి.

"ఎటు పోతున్నవే పిల్లా?" అంది మొసలి.

"ఊటగుహకు పోతున్న అవ్వా. జర నన్ను ఆ ఒడ్డుకు దాటియ్యి."

"నేను మీ చెరువుల పుట్టినదాన్నే. లోతు పోయి బురదే మిగిలినంక ఇటు పాకుకుంట వచ్చిన. తిని ఏడాదైతాంది. ఊకె దాటియ్యమంటె ఎట్ల?"

చెంగలి రొట్టె తీసి ఇచ్చింది. మొసలి దాన్ని వాసన చూసి మూతి తిప్పుకుంది.

"గడ్డి తినే మొఖం లెక్క కనబడుతున్ననా? మాంసం గావాలె. నీ ఎడమ చేతి చిటికెన వేలు ఇయ్యి. ఒక్కటే. మొత్తం మింగగలుగుత, అయినా అడుగుతున్న సూడు, నాది మంచి గుణం."

ఆ మంచితనానికి దండం పెట్టాలి! చెంగలి బండ మీద చేయి ఆనించి, అన్నను తలుచుకుని, ఉలి పెట్టి రాయితో ఒక్క దెబ్బ కొట్టింది. అరిచిన అరుపు లోయంతా తిరిగింది. మొసలి ఆ వేలిని మింగి, మాట తప్పకుండా ఆమెను వీపు మీద ఎక్కించుకుని దాటించింది. ఒడ్డున దింపుతూ, "ఉప్పగున్నది" అంది.

ఎనిమిదో రోజు సాయంత్రం చెంగలి ఊటగుహ చేరింది. లోపల నీలం వెలుగు. ఆ వెలుగులో కొండంత జలభూతం బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దాని ఒడిలో, చుట్టూ గూళ్లలో, వరుసగా తలలు. ఊటనీటి మహిమో ఏమో, ఒక్కటీ కుళ్లలేదు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని ఉన్నాయి. భూతం ఒక తలను ఒళ్లో పెట్టుకుని చెక్క దువ్వెనతో జుట్టు దువ్వుతోంది.

చెంగలికి భయం పోయి కోపం ముంచుకొచ్చింది. "తిన్నది సాలదా నీకు? అరవై ఏండ్ల సంది మా మనుషులను మింగుతున్నవ్. రేపు మా అన్న తల గూడ గావాల్నా?"

భూతం దువ్వడం ఆపి తల ఎత్తింది. "తినడమా? ఛీ! ఎన్నాళ్లుగానో మీరే ఈ తలలు చెరువులో పారేస్తున్నారు, సొరంగంలో పూడికకు తగిలి వెనక్కి మళ్లిన నీటి సుడిలో పడి ఇక్కడికి కొట్టుకొస్తున్నాయి. ఎవరివో తెలియదు, తిరిగి ఎవరికివ్వాలో తెలియదు. పాడు చేయకుండా దాచి పెట్టుకుంటున్నాను. ఎందుకమ్మా ఇలా పంపిస్తారు? నేను మీకు ఏం చేశానని?"

"నువ్వే అడిగినవు గద! రాతి మీద రాసి ఉన్నది. తల, ఒక చెయ్యి వేయవలెనని!"

"తల అని రాయించలేదు. తలా అని రాయించాను."

"తలానా?" అంది చెంగలి.

"తలా ఒక చెయ్యి వేయమన్నాను పిల్లా! రెండు ఒడ్డులవాళ్లూ, మనిషికి ఒక చెయ్యి వేసి, కలిసి చెరువులో పూడిక తీయమన్నాను. పూడిక తీస్తే సొరంగం నోరు తెరుచుకుంటుంది, ఊట పైకి వస్తుంది. దీర్ఘం ఏమైంది? చెక్కించానే!"

చెంగలి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దీర్ఘం ఏమైందో ఆమెకు తెలుసు. ఇటుకపొడితో ఏటేటా తోమితే ఏ అక్షరం నిలుస్తుంది? భక్తితో తోమీ తోమీ దీర్ఘాన్ని అరగదీశారు. అరిగిన దీర్ఘానికి ఇన్ని తలలు! ఆమెకు నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఏడుపైంది, ఏడుపు ఎంతకీ ఆగలేదు.

"రాయి అడుగున మిగతా వరుసలున్నాయి. వాటిని ఎవరూ తోమలేదు. తవ్వి చూపించు" అంది భూతం. "ఇప్పుడు సొరంగం ఎండిపోయింది. తలలు వచ్చిన దారినే పాకుతూ పో, గుట్టలన్నీ చుట్టే పని లేదు, తెల్లవారేసరికి చెరువు నడుమ తేలతావు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఒక్క చెయ్యి తగ్గినా ఊట రాదు."

చెంగలి మోచేతుల మీద పాకింది. తెగిన వేలి గాయంలోకి మట్టి పోయింది. చివర ఒండ్రును ఉలితో పొడిచి, తలతో నెట్టి పైకి వచ్చేసరికి ఎండ కళ్లలో కొట్టింది. రెండు గట్ల మీదా సేనలు, డప్పులు, జనం. సరిగ్గా అప్పుడే ఎక్కడి నుంచో ఒక చెయ్యి ఎగిరి వచ్చి ఆమె ముందు బురదలో పడింది. చూపుడు వేలి పక్కన ఉలి కాయలు ఉన్న కుడి చెయ్యి.

ఆ తంతులో మొదట చెయ్యి, తర్వాత తల. తూర్పు గట్టున కొమరయ్య మోకాళ్ల మీద ఉన్నాడు. తలారి మళ్లీ కత్తి ఎత్తాడు.

"ఆగుర్రి!" అని చెంగలి పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి. నెత్తి నుంచి కాళ్లదాకా బురదతో చెరువు నడుమ లేచిన ఆకారాన్ని చూసి తలారి కత్తి జారవిడిచాడు. జలభూతమే వచ్చిందనుకున్నారు అందరూ.

"తల కాదు! తలా ఒక చెయ్యి! పూడిక తీయమన్నది, పీకలు కొయ్యమనలేదు!" అని అరుస్తూ చెంగలి శాసనం దగ్గరకు పరుగెత్తి ఒండ్రును తవ్వసాగింది.

తూర్పు గట్టు మీద నుంచి రాజు కాలకేతు, "మా తాతగారు తప్పు చదివించారంటావా? కొట్టండి దాన్ని!" అని గర్జించాడు. పడమటి గట్టు మీద విక్రమబాహు కూడా సరిగ్గా అదే మాట అన్నాడు. అరవై ఏళ్లలో ఇద్దరికీ మాట కలిసింది ఆ ఒక్కసారే!

రెండు వైపుల నుంచీ బాణాలు లేచాయి. ఒకటి చెంగలి చెవిని చీల్చింది. అప్పుడు మొగలిదుర్గం వాళ్లు బలికి తెచ్చిన కుమ్మరి ముసలాయన ఓదెలు కట్ల తాడుతో సహా గట్టు మీద నుంచి చెరువులోకి దొర్లాడు. "సచ్చేది ఎట్లనూ సస్త. మట్టి తవ్వుడు నాకు తెలిసిన పని" అంటూ ఆమె పక్కన చేరి, కట్టిన చేతులతోనే బురద తోడాడు. బక్క ముసలివాడు, గాయాల పిల్ల, బురద తోడుతుంటే విలుకాళ్లు ఎందుకో విల్లులు దించారు. గడియ గడిచేసరికి రాతి మీద రెండో వరుస బయటపడింది. ఎవరూ తోమని అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి: "ఇరు ఒడ్డుల వారును కలిసి ఏటేట పూడిక తీయవలెను. ఒక్క చెయ్యి తగ్గినను ఊట రాదు."

పండితులు దిగి వచ్చి చదివారు. చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు పడమటి గట్టు మీద లచ్చవ్వ అనే ముసలమ్మ లేచింది. యాభై అయిదేళ్ల కిందట, పెళ్లయిన మూడో నెలలో, ఆమె మొగుణ్ణి తంగేడుకోట వాళ్లు ఎత్తుకుపోయారు. ఆమె ఒక రాయి తీసి చెంగలి మీద విసిరింది. "అబద్ధం! ఊరి నీళ్ల కోసం సచ్చిండని చెప్పుకొని బతుకుతున్న. ఊకెనే సచ్చిండంటవా? ఉత్తపుణ్యానికి సచ్చిండంటవా?"

చెంగలి నుదురు పగిలింది. నెత్తురు తుడుచుకుని ఆమె మళ్లీ తవ్వసాగింది. నిజమే మరి, ఊరికే చచ్చిపోయాడు.

అయినా దాహం పంతం కంటే పెద్దది. మొదట తూర్పు నుంచి నలుగురు, కొమరయ్య కట్లు విప్పి అతన్ని వెంటబెట్టుకుని, తర్వాత పడమటి నుంచి పదిమంది పారలు, గంపలు పట్టుకుని దిగారు. పగవాడి పక్కన నిలబడి తవ్వడం అంత తేలికేమీ కాదు. తిట్టుకున్నారు, తోసుకున్నారు, రెండుసార్లు పారలతో కొట్టుకున్నారు. పార వేసిన ప్రతిచోటా చేతి ఎముకలు బయటపడుతుంటే తిట్లు వాటంతట అవే తగ్గాయి. ఏ ఎముక ఏ ఊరిదో చెప్పగలిగినవాడు ఎవడు? పన్నెండు రోజులు తవ్వారు. సొరంగం నోరు తెరుచుకుంది. చుక్క నీరు రాలేదు.

జనమంతా తవ్వడం ఆపి గట్ల మీది పల్లకీల వైపు చూశారు. ఊరికే చూశారు, అంతే. ఎవరి పారలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఇద్దరు రాజులూ ఆ చూపులకు చెమటలు కక్కుకుంటూ దిగివచ్చి తలా ఒక గంప మోశారు. అయినా నీరు రాలేదు. ఒక్క చెయ్యి తగ్గింది. అది లచ్చవ్వది.

"నా మొగని తల తీసినోళ్ల పక్కన మన్ను మొయ్యాల్నా? నీళ్లు రాకుంటె మాయె. అందరం కలిసి సద్దాం" అని ఆమె గట్టు మీదే కూర్చుంది. చెంగలి బతిమాలలేదు. కొమరయ్య వెళ్లాడు, మోచేతి కింద గుడ్డ కట్టుతో, ఒక గంప ఈడ్చుకుంటూ.

"అవ్వా, నా చెయ్యి నరికినోడు అగో, ఆ నల్లటోడు. పన్నెండు దినాల సంది వాని పక్కనే తవ్వుతున్న. వాని మొఖం జూస్తే కడుపు మండుతది. రేపు గూడ మండుతది. కని గంపకు రెండు చేతులు గావాలె, నాకున్నది ఒక్కటి. ఇంకోటి నువ్వియ్యి."

లచ్చవ్వ అతని కట్టు వైపు చూసింది. తర్వాత, "నీ నోట్ల మన్నువడ" అని తిడుతూనే లేచి, గంప అంచు పట్టుకుంది.

గంప గట్టు ఎక్కిందో లేదో, నేల కింద ఉరుము ఉరిమింది. సొరంగంలోంచి నీళ్లు ఎగజిమ్మాయి. మొదట ఎర్రగా, తర్వాత తేటగా. జనం కేకలు పెట్టారు, తడిసి గంతులు వేశారు. అంతలో గంతులు ఆగిపోయాయి. నీళ్ల వెంట తలలు వస్తున్నాయి. జుట్టు దువ్వి ఉంది, కళ్లు మూసి ఉన్నాయి. జలభూతం ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తోంది.

రెండు ఒడ్డులవాళ్లూ మెడలోతు నీళ్లలోకి దిగి వెతుక్కున్నారు. తంగేడుకోట వాడికి మొగలిదుర్గం తల దొరికితే, పైకెత్తి పట్టుకుని "ఎవరోళ్లు? ఎవరోళ్లు?" అని అడిగాడు. వీళ్లూ అలాగే అడిగారు. లచ్చవ్వ చేతుల్లోకి ఒక తల వచ్చి ఆగింది. ఇంకా మీసాలు సరిగ్గా రాని మొహం. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొంగుతో తుడిచి, డెబ్బై ఏళ్ల అవ్వ మనవణ్ణి చూసుకున్నట్టు చూసుకుంది.

"ఇంత పిల్లగానివా నువ్వు?" అంది. "నాకు యాదే లేకపాయె. ఇంత పిల్లగానివా?"

తలలకూ చేతి ఎముకలకూ రెండు గట్లూ కలిసేచోట ఒక్కటే గొయ్యి తవ్వారు. ఎముకలు విడదీయడం ఎవరి వల్లా కాలేదు మరి. అడవిలో మొండేలు ఆ రోజు నుంచి మళ్లీ లేవలేదు.

చెంగలిని రెండు రాజ్యాలకూ ఒకే నీరటిగా నియమించారు. ఆమె సెలవు లేనిదే ఏ రాజూ తూము తలుపు ముట్టుకోరాదు. మృగశిర వచ్చిందంటే ముందుగా గంప ఎత్తవలసింది రాజులే. ఎత్తనన్నవాడికి ఆ ఏడు నీళ్లు లేవు. కొమరయ్య ఎడమ చేత్తో ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఆ చెరువు కింద మళ్లీ రెండు పంటలు పండాయి, అక్కడివాళ్లు మళ్లీ యుద్ధానికి పోలేదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టిందని మాత్రం నేను చెప్పను. ఏటా పక్కపక్కన నిలబడి మట్టి ఎత్తారు, అంతే.

ఇదీ సంగతి. విన్నది చాలు, లేవండి. చేతులు కడుక్కుని అన్నానికి రండి.